సెలవు, నాగా

స్కూల్లో మనకి నేర్పించిన మొదటి ఉత్తరాల్లో సెలవు చీటీ ఒకటి. పైన తేదీ, మధ్యలో జ్వరం, కింద "తమ విధేయ విద్యార్థి". ఆ చీటీ చెల్లాలంటే ముగ్గురు కావాలి: సెలవు అడిగేవాడు, ఇచ్చేవాడు, అడిగినవాడు అబద్ధం చెప్పట్లేదని సంతకం పెట్టే నాన్న. ఉద్యోగంలో చేరాక మాస్టారి చోట మేనేజరు, నాన్న చోట డాక్టరు వస్తారు. చీటీ పోయి పోర్టల్ వస్తుంది. అమరిక మాత్రం అదే. సొంతంగా పని చేసుకునే ఫ్రీలాన్సర్ దగ్గరకొచ్చేసరికి ఈ ముగ్గురూ ఒక్కరే అయిపోతారు. అడగాల్సిందీ తనే, ఇవ్వాల్సిందీ తనే, నిజంగానే ఒంట్లో బాగోలేదా అని అనుమానించాల్సిందీ తనే. అలాంటిది అసలు సెలవేనా?

నాలుగేళ్ల నుంచీ నేను హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని వేరే ఊళ్ల, వేరే దేశాల కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసిపెడుతున్నాను. కాబట్టి ఈ ప్రశ్న నాకు జలుబు చేసినప్పుడల్లా ఎదురవుతూనే ఉంటుంది.

జబ్బు పడినా జీతం రావడం అన్నది మరీ పాత హక్కేం కాదు. జర్మనీలో బిస్మార్క్ హయాంలో, 1883లో, కార్మికులకి అనారోగ్య బీమా చట్టం వచ్చింది. జబ్బు పడ్డ కార్మికుడికి 13 వారాల దాకా జీతంలో కనీసం సగం అందాలని అందులో ఉంది. మన దగ్గర 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టంతో మొదలైన పథకంలో, నెలకి 21,000 రూపాయల లోపు జీతం ఉన్న కార్మికులకి, వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా అనారోగ్య భృతి ఇస్తారు. 91 రోజులంటే సరిగ్గా ఆ 13 వారాలే. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఉద్యోగికి ఏడాదిలో 12 రోజుల దాకా జీతంతో అనారోగ్య సెలవు ఉంటుంది. వీటన్నిటిలో కామన్‌గా ఉన్న పాత్ర యజమాని. చట్టం ఏ బాధ్యత పెట్టినా ముందు అతని మీద పెట్టి, అతని ద్వారా మనల్ని చేరుతుంది. యజమాని లేనివాడి దగ్గరకి రావడానికి దానికి దారి లేదు.

అయితే ఇది డబ్బు సమస్యా? కొంతవరకే. డబ్బు సంగతి కూడికలు తీసివేతలతో తేలిపోతుంది. ఏడాదికి 365 రోజుల్లో శని, ఆదివారాలు 104 పోతే మిగిలేది 261. పండగలకి 10, మామూలు సెలవులకి 15, జబ్బులకి 12 తీసేస్తే 224. ఏడాదికి 18 లక్షలు కావాలనుకున్నవాడు 261తో భాగిస్తే రోజుకి 6,897 రూపాయలు అడుగుతాడు. 224తో భాగిస్తే 8,036 అడుగుతాడు. కొత్తగా ఫ్రీలాన్సింగ్‌లోకి వచ్చినవాళ్లలో చాలామంది మొదటి లెక్క వేసుకుని, తమకి ఎప్పుడూ జ్వరం రాదన్న హామీ మీద బేరం కుదుర్చుకుంటారు. అనుభవం మీద రెండో లెక్కకి వస్తారు. ఆ తేడా, రోజుకి దాదాపు 1,140 రూపాయలు, కష్టమరు దయతో ఇచ్చేది కాదు. ఏ హోటల్లోనైనా ఇడ్లీ ధరలో హోటల్ మూసి ఉన్న రోజుల అద్దె కూడా కలిసే ఉంటుంది కదా.

ఇంతవరకూ చిక్కేం లేదు. చిక్కు ఏమిటంటే, రెండో లెక్క వేసుకుని, ఆ డబ్బు తీసుకుని, బ్యాంకులో ఆరు నెలల ఖర్చులు దాచుకున్నవాళ్లు కూడా సెలవు పెట్టరు. కష్టమరు వద్దనలేదు. డబ్బుకి కరువు లేదు. అయినా పెట్టరు. నాకు తెలిసిన ఒక డిజైనర్ డెంగ్యూతో ఆసుపత్రిలో చేరి, ఎడమ చేతికి సెలైన్ ఎక్కుతుండగా కుడి చేత్తో ఒక వెబ్‌సైట్ సరిదిద్ది పంపాడు. తర్వాత ఆ ఫొటో స్నేహితుల గ్రూపులో పెట్టాడు. చప్పట్లు, కండలు తిరిగిన చెయ్యి బొమ్మలు చాలానే వచ్చాయి. ఆ పని ఇంకో మూడు రోజులు ఆగినా కొంపలేం మునగవని అతనే చెప్పాడు. మరి అందరూ మెచ్చుకున్నది దేన్ని?

తెలుగులో 'సెలవు' అన్న మాటని కాస్త గమనించండి. దానిలో ఇంకొకరి అనుమతి ఎప్పుడూ ఉంటుంది. పెద్దలు మాట్లాడితే 'సెలవిచ్చారు' అంటాం. వెళ్లేటప్పుడు 'ఇక సెలవు' అంటాం, అంటే పొమ్మని చెప్పండి అని. అనుమతి లేకుండా పనికి రాకపోతే దానికి మనకి వేరే మాట ఉంది: నాగా. ఆఫీసువాళ్లు సెలవు పెడతారు. పనమ్మాయి నాగా పెడుతుంది, పాలవాడు నాగా పెడతాడు. రెండు చోట్లా జ్వరం ఒక్కటే కావచ్చు. నాగా అన్న మాటలో మాత్రం కొంచెం నేరం కలిసి ఉంటుంది. ఫ్రీలాన్సర్ చిక్కు ఇదే అనుకుంటాను. అతనికి సెలవు ఇచ్చేవాడు లేడు కాబట్టి అతను పెట్టే ప్రతి సెలవూ అతని మనసులో నాగాగానే నమోదవుతుంది.

పైగా రోజుకి 8,036 అని రాసుకున్నాక ప్రతి రోజు మీదా ధర చీటీ అతికించినట్టే. నెలజీతంలో ఒక మంగళవారం ఖరీదెంతో ఎవరికీ తెలియదు. రోజుల లెక్కన బిల్లు వేసేవాడికి తెలుసు. దుప్పటి కప్పుకుని పడుకున్న ఒక్కో గంటా వెయ్యి రూపాయలని తెలుసు. జబ్బు కోసమని ఏడాది పొడుగునా రేటులో కలిపి తీసుకున్నాడన్నది ఆ పూట గుర్తుండదు. దానికి తోడు లాప్‌టాప్ మంచం పక్కనే ఉంటుంది. ఆఫీసుకి వెళ్లాలంటే లేవాలి, స్నానం చేయాలి, బస్సెక్కాలి. ఒంటికి చేతకానప్పుడు ఆ దూరమే మనిషిని ఆపుతుంది. ఇంట్లో ఆ దూరం లేదు. 'ఒక్క మెయిల్ చూసి పడుకుంటా' అన్నవాడికి రాత్రి పదకొండవుతుంది, అమెరికాలో అప్పటికి పగలు.

'నా ఒళ్లు, నా ఇష్టం' అని ఎవరైనా అనొచ్చు. కానీ జ్వరంలో చేసిన పని తన ఒక్కడి వ్యవహారం కాదు. నూట రెండు జ్వరంతో డేటాబేస్ మీద చెయ్యి వేసేవాడు కష్టమరు సరుకుతో ఆడుకుంటున్నట్టే. నిద్రమత్తులో లారీ నడిపేవాణ్ణి 'ఎంత కష్టపడుతున్నాడో' అని మెచ్చుకోం కదా. మా వృత్తిలోనే ఇంకో ఉదాహరణ ఉంది. సర్వర్లు అమ్మే కంపెనీలు 99.9 శాతం పని చేస్తుందని రాసిస్తాయి. అంటే ఏడాదికి ఎనిమిదిన్నర గంటల పైచిలుకు అది ఆగిపోవచ్చని ముందే ఒప్పుకుంటున్నాయన్న మాట. నూటికి నూరు శాతమని ఎవరైనా రాసిస్తే ఇంజినీరు నమ్మడు. అదే ఇంజినీరు తన గురించి మాత్రం, కాగితం మీద కాకపోయినా, నూటికి నూరు శాతం మాటిచ్చేస్తాడు.

ఇక్కడే అసలైన నైతిక ప్రశ్న వస్తుంది. మనిషి తనకి తాను బాకీ పడగలడా? ఇమ్మాన్యుయేల్ కాంట్ 1797లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఈ చిక్కు గురించి సూటిగా చర్చించాడు. బాధ్యత పెట్టేదీ నేనే, మోసేదీ నేనే అయితే, పెట్టిన నేను మోసే నన్ను ఎప్పుడంటే అప్పుడు వదిలేయొచ్చు. ఎప్పుడైనా వదిలేయగలిగినది కట్టుబాటే కాదు. అలాగని తన పట్ల తనకి బాధ్యతే లేదనుకుంటే కాంట్ దృష్టిలో ఇతరుల పట్ల బాధ్యతకీ పునాది ఉండదు. ఎందుకంటే ఎవరికి బాకీ ఉన్నా, ఆ బాకీ తీర్చమని నన్ను నిర్బంధించేది చివరికి నా వివేకమే. ఆయన చూపిన దారి మనిషిని రెండు రకాలుగా చూడటం. ఆకలీ నిద్రా జబ్బూ ఉన్న ప్రాణి ఒకరు, నియమం పెట్టుకోగల స్వేచ్ఛ ఉన్న వ్యక్తి ఇంకొకరు. రెండోవారు మొదటివారిని కట్టిపడేయగలరు.

వాదన బాగానే ఉంది. కానీ మన ఫ్రీలాన్సర్‌లో నియమాలు పెడుతున్నదెవరో చూడండి. 'పడుకో, తగ్గాక చూద్దాం' అనే వివేకం కాదు, 'గంటకి వెయ్యి' అనే దుకాణదారు. తనే ఒక కంపెనీ అయినవాడి లోపల ఆ కంపెనీ మేనేజరు కూడా ఉంటాడు. బయటి మేనేజర్ల కంటే వాడు మొండివాడు. మనం ఏ సాకు చెప్తామో వాడికి ముందే తెలుసు కాబట్టి వాడి దగ్గర మన చీటీ చెల్లదు.

ఇలా ఎవరూ చెప్పకుండా తనని తాను కష్టపెట్టుకున్నవాళ్లలో మన సాహిత్యంలో అందరికీ తెలిసిన మనిషి పార్వతి. కాళిదాసు కుమారసంభవంలో ఆమె తపస్సు ఎవరో వేసిన శిక్ష కాదు, తను ఎంచుకున్న పని. అయిదో సర్గలో శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి ఆమెని కుశల ప్రశ్నలు అడుగుతాడు. శరీరాన్ని ధర్మానికి సాధనంగా చెప్పే ప్రసిద్ధమైన సంస్కృత వాక్యం అక్కడిదే. ఢిల్లీ ఎయిమ్స్ నినాదం కూడా అదే. విడిగా చదివితే అది వ్యాయామం చేయమని చెప్పే సూక్తిలా ఉంటుంది. సందర్భంలో పెట్టి చూస్తే అది బద్ధకస్తులకి చెప్పిన మాట కానే కాదు. నీ శక్తికి తగ్గట్టే చేస్తున్నావా అని, శక్తికి మించి చేస్తున్న మనిషిని, అదీ తనంతట తానే చేస్తున్న మనిషిని, పక్కనుంచి ఇంకొకరు అడుగుతున్న ప్రశ్న అది. అదే కావ్యంలో ఉమ అన్న పేరు ఎలా వచ్చిందో కూడా కాళిదాసు చెప్తాడు. తపస్సుకి బయల్దేరిన కూతుర్ని తల్లి మేన 'వద్దమ్మా' అని వారించిన మాటే పేరుగా నిలిచిపోయిందట.

పార్వతి తల్లి మాట విన్నదా అంటే వినలేదు. అయినా నాకు ఇందులో ఒక విషయం ముఖ్యమనిపిస్తుంది. ఆ 'వద్దు' బయటి నుంచి వచ్చింది. పని పిచ్చి పట్టిన మనిషి లోపలి నుంచి అది రాదు. లోపలి నుంచి వస్తుందని ఎదురు చూడటమే ఫ్రీలాన్సర్లు చేసే పొరపాటు. 'ఈసారి ఒంట్లో బాగోకపోతే తప్పకుండా రెస్టు తీసుకుంటా' అని తనకి తాను ఇచ్చుకునే మాటని కాంట్ చెప్పినట్టు ఎప్పుడైనా వదిలేయొచ్చు. కట్టుబాటు నిలబడాలంటే దాన్ని విప్పే తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టాలి.

ఇది ఆచరణలో పెద్ద విషయమేం కాదు. ఒప్పందం రాసుకునేటప్పుడే, అనారోగ్యం వస్తే ఫలానా పద్ధతిలో తెలియజేస్తాననీ, గడువు ఇన్ని రోజులు జరుగుతుందనీ ఒక వాక్యం చేర్చొచ్చు. మంచి కష్టమర్లు దానికి అభ్యంతరం చెప్పరు. అభ్యంతరం చెప్పేవాళ్లెవరో ముందే తెలియడం కూడా లాభమే. కష్టమరు ఒప్పుకుంటే అదే పని తెలిసిన ఒక స్నేహితుడికి ప్రాజెక్టు వివరాలు అందుబాటులో ఉంచొచ్చు, అతని ప్రాజెక్టులకి మనం ఉన్నట్టుగా. థర్మామీటర్లో 100.4 దాటితే పని లేదన్న నియమాన్ని ఒంట్లో బాగున్న రోజున రాసి, ఇంట్లోవాళ్ల చేతికివ్వొచ్చు. జ్వరం వచ్చిన రోజున మనం మంచి న్యాయమూర్తులం కాము. ఆ రోజు తీర్పు బాగున్న రోజునే చెప్పేసి ఉంచాలి. ఈ పనులన్నిటి ఉద్దేశం ఒకటే: నాగాని మళ్లీ సెలవుగా మార్చడం.

నెదర్లాండ్స్‌లో సొంత పని చేసుకునేవాళ్లు దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లారు. 2006లో మొదలైన 'బ్రోడ్‌ఫాండ్స్' పద్ధతిలో ఇరవై నుంచి యాభై మంది ఒక జట్టుగా చేరతారు. పేరుకి అర్థం రొట్టె నిధి. నెలనెలా ఎవరి ఖాతాలో వాళ్లు కొంత డబ్బు వేసుకుంటారు. ఒకరు జబ్బు పడితే మిగిలినవాళ్ల ఖాతాల నుంచి చిన్న చిన్న మొత్తాలు కానుకగా ఆ మనిషికి చేరతాయి, అవసరమైతే రెండేళ్ల దాకా. దొంగ జబ్బులు చెప్పరా అన్న ప్రశ్న రావడం సహజం. యాభై మందికి మించనివ్వకపోవడంలోనే దానికి జవాబు ఉంది. ఒకరి ముఖం ఒకరికి తెలిసినంత వరకే ఇలాంటివి నడుస్తాయి. డబ్బు కంటే నాకు నచ్చింది వేరే: మనకి జబ్బు చేసిందని నలభై మందికి తెలియడం. మన ఊళ్లలో ఇరవై మంది కలిసి చీటీ వేసుకోవడం ఎవరికీ కొత్త కాదు. పెళ్లికీ బంగారానికీ స్కూటర్‌కీ వేసుకుంటాం. నమ్మకం మీద నడిచే ఆ అలవాటుని జబ్బు రోజుల కోసం వాడుకోవచ్చని ఆలోచించినవాళ్లు నాకు తారసపడలేదు.

వీటన్నిటికీ ఒక హద్దు ఉందని కూడా ఒప్పుకోవాలి. పన్నెండు రోజుల జ్వరాలకి రేటులో కలుపుకున్న డబ్బు సరిపోతుంది, క్యాన్సర్‌కి సరిపోదు. అక్కడ వ్యక్తి వివేకం పని చేయదు, చట్టం కావాలి. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో గిగ్ పనివాళ్లు 77 లక్షల మంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి వాళ్లని మొదటిసారి పేరు పెట్టి గుర్తించింది. వాళ్ల కోసం పథకాలు పెట్టొచ్చని, అందుకు ఆప్ కంపెనీలు తమ టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం ఇవ్వాలని చెప్పింది. జ్వరం వచ్చి బండి తీయలేని రోజుకి ఇంత కూలి అని మాత్రం చెప్పలేదు. 'నచ్చినప్పుడు పని చేయండి' అని ఆ కంపెనీలు చెప్పే స్వేచ్ఛ మన ఫ్రీలాన్సర్ స్వేచ్ఛకి అన్నదమ్ముల వరస. సెలవు అడగక్కర్లేదంటే అడగడానికి మనిషే లేడని అర్థం.

ఫ్రీలాన్సర్లు తమ గురించి చెప్పుకునేటప్పుడు 'రెక్కాడితే గానీ డొక్కాడదు' అన్న సామెత వాడటం నేను చాలాసార్లు విన్నాను. పని ఆగితే డబ్బు ఆగుతుందన్నంత వరకూ నిజమే. కానీ ఆ సామెత నిజంగా ఎవరిదో ఆ మనిషి రోజూ పొద్దున్న మన ఇంటికే వస్తోంది. నాలుగిళ్లలో అంట్లు తోమి ఇల్లు తుడిచే ఆమె కూడా లెక్క ప్రకారం ఫ్రీలాన్సరే. నలుగురు కష్టమర్లు, రాతపూర్వకంగా ఒప్పందం లేదు, రేటులో జబ్బు రోజులు కలుపుకునేంత బేరమాడే శక్తి లేదు. 'ఈ నెల అయిదు నాగాలు పెట్టింది, జీతం కొయ్యాలా వద్దా' అన్న చర్చ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దాదాపు ప్రతి నెలా వస్తుంది. చర్చించేవాళ్లలో ఉద్యోగస్తులూ ఉంటారు, ఫ్రీలాన్సర్లూ ఉంటారు. ఉద్యోగస్తుడికి తెలియదంటే అర్థం చేసుకోవచ్చు, అతనికి సెలవు ఎప్పుడూ ఒకరు ఇస్తూనే వచ్చారు. ఫ్రీలాన్సర్‌కి ఆ వెసులుబాటు లేదు. తన జబ్బు రోజుల ఖరీదు కష్టమరే భరించడం న్యాయమని వాదించినవాడు, తనే కష్టమరైన చోట ఆ న్యాయం ఎందుకు మారుతుందో చెప్పాలి.

ఆమె అబద్ధమాడుతుందేమో అంటారు. ఆ అనుమానం మన మీద మన కష్టమర్లకీ ఉండొచ్చు. ఆమె ముందు చెప్పదు అంటారు. చెప్తే కోత ఉండదని మనం ముందు చెప్పామా? ఇది దానధర్మాల సంగతి కాదు. దానమైతే మన మంచితనం మీద ఆధారపడుతుంది, ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ఏడాదికి పన్నెండు రోజులు నీవి, కారణం అడగం, జీతం కొయ్యం అని పనిలో చేరిన రోజునే చెప్పేస్తే, ఆ తర్వాత ఆమె పెట్టేది నాగా కాదు.

నెలకి 3,000 ఇచ్చే ఇంట్లో రోజుకి 100. పన్నెండు రోజులకి ఏడాది మొత్తం మీద 1,200 రూపాయలు. పైన వేసిన లెక్కలో, ఫ్రీలాన్సర్ తన సెలవుల కోసం ఒక్క రోజు బిల్లులో కలుపుకున్నది దాదాపు 1,140.